ఒంటికంచం వాళ్ళు

పోయిన వారం తేనెను మనం ఒక తలుపు ముందు నిలబెట్టి వచ్చేశాం. పాత వాటాల భవనం, మెట్ల పక్క ఇల్లు, బెల్లు మీద వేలు. నొక్కాలా, వెనక్కి పోవాలా అని తటపటాయిస్తోంది పాపం.

తేనె అసలు పేరు కాదు, ఆఫీసు వాళ్ళు పెట్టింది. మందులూ మాత్రలూ ఇంటికి పంపే కంపెనీలో, కొనేవాళ్ళ ఫోన్లకు వెళ్ళే మాటలు రాయడం ఆమె ఉద్యోగం. ఆ మాటల తీపి చూసి తేనె అన్నారు. ఆ కంపెనీకి ఒక అలవాటు ఉంది. కొనేవాళ్ళను గుంపులుగా విడదీసి, గుంపుకో ముద్దుపేరు పెట్టుకుంటారు. అన్నీ చిన్న సైజులో తెప్పించుకుని, ఒకే ఒక్క బ్రష్షు కొనుక్కుని, పార్సిల్ ఎప్పుడొచ్చినా తామే తలుపు తీసేవాళ్ళ గుంపు పేరు 'ఒంటికంచం వాళ్ళు'. ఆ పేరు పెట్టింది తేనే. పెట్టిన రోజు అందరూ పడీ పడీ నవ్వారు. సాయంత్రం ఇంటికెళ్ళి తన ఒంటికంచం కడుక్కుంటున్నప్పుడు మాత్రం ఆమెకు నవ్వు రాలేదు.

ఆ గుంపులోని మగవాళ్ళకు రోజూ మధ్యాహ్నం ఒక మాట వెళ్తుంది: "భోంచేశారా, బాబాయిగారూ?" ఆ వరస ఊరికే కుదరలేదు. సగం మందికి 'అన్నయ్యగారూ' అనీ, సగం మందికి 'బాబాయిగారూ' అనీ పంపి చూశారు. బాబాయి గెలిచాడు. అన్నయ్యల కంటే బాబాయిలు విటమిన్లు ఎక్కువ కొన్నారట! జవాబులు రాస్తే పడే పెట్టె ఒకటి ఉంది గానీ, దాన్ని చదివే దిక్కు లేదు. ఈ మధ్య ఒక రోజు తేనె దాన్ని తెరిచి చూస్తే ఒకాయన రోజూ రాస్తున్నాడు. "చేశానమ్మా. నువ్వు తిన్నావా?"

అదే రోజు మీటింగులో మేనేజరు కొత్త పథకం బయటపెట్టాడు. ఒంటికంచం వాళ్ళ ఇళ్ళలో 'తోడు' అనే చిన్న డబ్బా పెడతారు. అది మాట్లాడుతుంది, అంతకన్నా శ్రద్ధగా వింటుంది. విన్నది కంపెనీకి చేరుతుంది, కంపెనీ నుంచి ఆ మాటలు కొనుక్కున్న ప్రతివాడికీ చేరుతుంది. కావలసిందల్లా ఫోన్లో వాళ్ళ నోటితో 'సరే' అన్న ఒక్క మాట. "విన్నది ఎక్కడికి పోతుందో వాళ్ళకు చెబుతామా?" అని తేనె అడిగింది. "అడిగితే చెబుతాం," అన్నాడు మేనేజరు. అడగాలని తోచేవాళ్ళు ఆ గుంపులో ఉండరని ఆయనకు బాగా తెలుసు.

అందుకే తేనె ఆఫీసు కంప్యూటర్లోంచి ఆ జవాబుల మనిషి చిరునామా తీసుకుని ఇలా వచ్చింది. ఒకరి గుట్టు కాపాడదామని బయల్దేరిన మనిషి, మొదటి అడుగులోనే ఆయన గుట్టు తవ్వుకుని మరీ వచ్చింది. అదీ మన తేనె!

బెల్లు నొక్కింది.

"ఎవరూ?" లోపలి నుంచి బొంగురు గొంతు.

"నేనండీ. ఒక్క నిమిషం మీతో మాట్లాడాలి. మందుల కంపెనీ నుంచి..."

మాట పూర్తి కాలేదు. గడియ తీసిన చప్పుడు, గొలుసు తీసిన చప్పుడు, ఆ వెంటనే తలుపు బార్లా తెరుచుకుంది. భుజాలు వెడల్పుగా ఉన్న పెద్దాయన. ఒక చెయ్యి మామూలుగా ఉంది, రెండోది మోచేతి దాకా ఎండకు కమిలి నల్లగా ఉంది.

"వచ్చావా తల్లీ! రా, రా. ఏదో ఒక రోజు వస్తావని అనుకుంటూనే ఉన్నాను. చెప్పులు అక్కడే వదిలెయ్యి, ఫరవాలేదు. ఏం, ఎండన పడి వచ్చావా?"

తేనె బిత్తరపోయింది. కంపెనీ మనిషినంటే మొహం మీదే తలుపు వేస్తారని భయపడుతూ వచ్చింది. నచ్చజెప్పడానికి దారంతా మాటలు పేర్చుకుంది. అవేవీ అక్కర్లేకుండానే కుర్చీ, మంచినీళ్ళు, పొగలు కక్కే టీ చేతికొచ్చేశాయి.

గది శుభ్రంగా ఉంది. శుభ్రమంటే, ఎవరూ వచ్చి పాడు చెయ్యని ఇంట్లో ఉండే శుభ్రం. గూట్లో ఒక కంచం, ఒక గ్లాసు. తనకు ఇచ్చిన కప్పు అడుగున ధర కాగితం ఇంకా అంటుకునే ఉంది. ఆయన కుర్చీ కిటికీకి ఎదురుగా, వీధి వైపు తిరిగి ఉంది. కిటికీ చట్రానికి ఒక చిన్న అద్దం వేలాడుతోంది. అందులోంచి వెనకనున్న గదంతా కనిపిస్తుంది.

"నన్ను ఎలా గుర్తుపట్టారు సార్?"

"సారేంటి కొత్తగా? ఫోన్లో నోరారా బాబాయిగారూ అని పిలిచి, ఇంటికొచ్చి సార్ అంటావా?" ఆయన గలగలా నవ్వాడు. "గొంతు చాలదా అమ్మా? నేను బస్సు డ్రైవర్ని. జీవితమంతా జనాన్ని వెనకేసుకుని తిరిగాను. మొహాలు తెలీవు, గొంతులే. పొద్దున ఎక్కే నర్సమ్మకు జలుబు చేస్తే అందరికన్నా ముందు నాకే తెలిసేది. అయితే ఏం లాభం? 'డ్రైవరుతో మాట్లాడరాదు' అని నా నెత్తి మీదే బోర్డు. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకునేవాళ్ళు, నేను వింటూ నడిపేవాణ్ణి. ఇంటికొస్తే మీ పిన్ని ఉండేది, నోరు మూసేది కాదు మహాతల్లి. ఆవిడ పోయాక మళ్ళీ ఆ బోర్డు తెచ్చి ఇంట్లో తగిలించినట్టయింది."

తేనె టీ ఊదుకుంటూ ఉండిపోయింది. ఈయన తనను ఎవరో అనుకుంటున్నాడు. తను ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. కాల్ సెంటర్లో ఎవరో అమ్మాయి గొంతు తన గొంతులా ఉండి ఉంటుంది. పొరపాటు సర్దిచెప్పి, ఆ 'తోడు' సంగతి ఎత్తాలనుకుంది.

ఆయన ముందుకు వంగి, గొంతు తగ్గించి అడిగాడు. "ఇంతకీ మీ అక్క మాట్లాడిందా?"

కప్పు పెదవుల దగ్గరే ఆగిపోయింది.

తేనెకు ఒక అక్క ఉంది. అమ్మ పోయిన రోజు నుంచి ఆమె తేనెతో మాట్లాడడం మానేసింది. "ఊళ్ళో వాళ్ళందరికీ తియ్యతియ్యగా రాస్తావు. మంచాన పడ్డ అమ్మ ఫోన్లో 'తిన్నావా' అని రాసి పెడితే ఒక్కదానికి జవాబు రాయలేకపోయావే!" అంది. ఆఖరి మాట అదే. ఈ సంగతి తేనె స్నేహితులకు చెప్పలేదు, ఇంటి పక్కవాళ్ళకు చెప్పలేదు. చెప్పేంత దగ్గరివాళ్ళు ఆమెకు లేరు, అదీ అసలు సంగతి.

లేదు. ఒక్క చోట చెప్పింది.

వానాకాలం మొదట్లో మేనేజరు ఆమెను ఆఫీసులోని అద్దాల గదికి తీసుకెళ్ళి, మైకు ముందు కూర్చోబెట్టాడు. నువ్వు రాసినవి పైకి చదివితే ఎలా ఉంటాయో చూద్దామన్నాడు. చదివింది. అప్పుడు రికార్డింగ్ చేసేవాడు, "కాగితం పక్కన పెట్టి ఊరికే మాట్లాడండి మేడమ్. మీ ఇంటి సంగతులు, మీకు సంతోషమైనవి, బాధైనవి, ఏవైనా," అన్నాడు. ఎవరైనా తేనెను మాట్లాడమని అడిగి ఎన్నాళ్ళయిందో. మొదలుపెట్టాక ఆపలేకపోయింది. అక్క గురించి చెప్పింది, వెక్కి వెక్కి ఏడ్చింది. అద్దం అవతలి నుంచి వాడు 'బాగుంది, కానివ్వండి' అని చేత్తో సైగ చేశాడు. తన బాధ విని ఓదారుస్తున్నాడనుకుంది, పిచ్చిది. బయటికొస్తూ ముందూ వెనకా చూడకుండా ఎక్కడో సంతకం కూడా పెట్టింది.

"చెప్పమ్మా, మాట్లాడిందా?"

"ఆ సంగతి... మీకు ఎవరు చెప్పారు?"

"నువ్వే కదా! మతిమరుపు నాకు రావాలి గానీ నీకా? ఫోన్లో నువ్వు ఏడ్చిన రోజు నాకు ముద్ద దిగలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు గానీ, అలా ఒకరికి చెప్పుకుంటేనే బరువు దిగేది." ఆయన లేచి బిస్కెట్ల ప్లేటు ఆమె దగ్గరకు జరిపాడు. "అందుకే ఇవాళ ఫోన్ చేసినప్పుడు చెబుదామనుకున్నాను. నువ్వే వచ్చావు కనక మొహం మీదే చెబుతున్నా. ఆ డబ్బా పెట్టించుకుంటానమ్మా. నాకోసం కాదు. అదుంటే రోజంతా నాతో మాట్లాడొచ్చన్నావుగా. నీకు మాత్రం ఎవరున్నారు?"

తేనె కళ్ళు నిండిపోయాయి. అక్క మాట్లాడిందా అని ఈ లోకంలో ఒక మనిషి అడిగాడు. ఆ ప్రశ్న కోసం ఇన్నాళ్ళూ తను ఎంత అలమటించిందో అడిగాక గానీ తెలియలేదు. ఇంకో క్షణం ఆగితే నిజం చెప్పలేనేమోనని భయం వేసింది.

"మీకు ఫోన్ చేసింది నేను కాదండీ."

"మరి?"

"ఎవరూ కాదు. మిషన్. నా గొంతు పట్టుకుని తయారుచేశారు. నాకూ ఇప్పుడే అర్థమైంది."

ఆయన నవ్వబోయి ఆగాడు. ఆమె మొహంలోకి చూశాడు. "మరి మీ అక్క సంగతి? అబద్ధమా?"

"నిజం. ఏడ్చింది కూడా నేనే. మీ దగ్గర కాదు. ఒక అద్దాల గదిలో ఏడిస్తే దాచుకుని, మీకు వినిపించారు. ఇంకా ఎంతమందికి వినిపిస్తున్నారో."

వీధిలో ఏదో బండి పోయింది. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. అద్దంలో ఆయన కళ్ళు ఆమెను చూస్తున్నాయి.

"వానాకాలం నుంచీ గోడతో మాట్లాడుతున్నానన్నమాట," అన్నాడు చివరికి. "ఈ మాట చెప్పడానికి ఇంత దూరం వచ్చావా? హాయిగా ఉన్నాను కదమ్మా. నీకేం అడ్డం వచ్చాను?"

"ఆ డబ్బా అంతా వింటుందండీ. మీరు ఫోన్లో మాట్లాడినవి, నిద్రలో కలవరించినవి..."

"వినేవాళ్ళు లేకే కదా చస్తున్నాను!" ఆయన గొంతు లేచింది. "వింటే వినమను. నా దగ్గర దోచుకోడానికేముంది? మోకాళ్ళ నొప్పులు, మీ పిన్ని. అంతేగా!"

"ఆ రెండే వాళ్ళకు కావాలి." తేనె కప్పు కింద పెట్టింది. "పిన్నిగారు పోయిన తేదీ మళ్ళీ వచ్చినప్పుడు, హాయిగా నిద్రపట్టే పొడి అని మీ ఫోన్‌కు ఒక మాట వచ్చిందా?"

ఆయన చూపు అలమర వైపు తిరిగింది.

"'ఇలాంటి రోజున నిద్ర పట్టదు, మాకు తెలుసు' అని ఉంటుంది. అది నేను రాసిందే. పిన్నిగారి మందులు ఏ రోజు ఆగిపోయాయో కంపెనీకి తెలుసు. ఆ రోజు మనసు మెత్తగా ఉంటుంది, ఏది చూపించినా కొంటారని కూడా తెలుసు. కొన్నారు కదూ?"

ఆయన లేచి అలమర తలుపు తీశాడు. పై అరలో ఒక డబ్బా, సీలు కూడా విప్పలేదు. దాన్ని తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"నాకు నిద్ర బాగానే పడుతుంది," అన్నాడు. "ఆ రోజు ఆవిణ్ణి మా వాళ్ళెవరూ తలుచుకోలేదు. ఎవరో ఒకరు గుర్తుపెట్టుకున్నారు కదా అని కొన్నాను."

తేనె తల వంచుకుంది. తిట్టినా బాగుండేది. ఆయన తిట్టలేదు, చల్లారిన టీ కప్పు తీసుకెళ్ళి వేడి టీ పోసి తెచ్చాడు.

"సరే, ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

"మళ్ళీ అడిగితే వద్దనండి. ఇంకేం చెప్పక్కర్లేదు. నేనొచ్చినట్టు మాత్రం అనకండి. మీ చిరునామా దొంగతనంగా తీసుకొచ్చాను, తెలిస్తే ఉద్యోగం పోవడమే కాదు, కేసు కూడా పెడతారు. ప్రతి ఫోనూ రికార్డవుతుంది."

"వద్దంటే మళ్ళీ ఫోన్ వస్తుందా?"

అబద్ధం చెబితే ఎంత సులువు! రాయడం వచ్చిన మనిషికి ఒక తియ్యటి అబద్ధం ఎంత సేపు? కానీ వద్దన్నవాళ్ళను గుంపులోంచి తీసేస్తారు. వాళ్ళ మీద మాట ఖర్చు పెట్టడం దండగ.

"రాదండీ."

"భోంచేశారా అని వచ్చేది, అది కూడానా?"

"అదీ రాదు. ఫోన్ నేను చేస్తాను. నిజంగా నేనే."

"రోజూనా?"

తేనె నోరు తెరిచింది. అమ్మ మంచం, అమ్మ ఫోను, తను తెరవని మాటలు ఒక్కసారిగా కళ్ళ ముందు కదిలాయి. రోజూ అన్న మాట దగ్గర ఆగిపోయింది. ఎక్కువ సేపు కాదు. డ్రైవరు గారికి ఆ కాస్త చాలు.

"చూశావా, నువ్వు ఆగావు," అన్నాడు ఆయన మెత్తగా. "అది ఆగదమ్మా. ఠంచనుగా వస్తుంది."

అన్నట్టే బల్ల మీద ఫోన్ మోగింది.

తేనె ఆయన చెయ్యి పట్టుకోబోయింది. అప్పటికే ఆయన స్పీకరు నొక్కేశాడు.

"బాబాయిగారూ, భోంచేశారా?"

తేనె ఫోన్ వైపు తిరిగింది. అది తన గొంతే. మాట చివర చిన్నగా సాగదియ్యడం, నవ్వుకు ముందు ఊపిరి తీసుకోవడం, అన్నీ తనవే. తనకన్నా సంతోషంగా ఉంది, అంతే తేడా. ఆయన ఫోన్ వైపు చూడడం లేదు. తేనె పెదవులనే చూస్తున్నాడు, అవి కదులుతున్నాయేమోనని.

"చేశానమ్మా. నువ్వు తిన్నావా?"

"ఇంకా లేదు బాబాయిగారూ. ఒక్కదాన్నే కదా, వండుకోబుద్ధి కావడం లేదు."

"మీ అక్క మాట్లాడిందా?" ఈసారి ఆయన తేనె కళ్ళలోకి చూస్తూ అడిగాడు.

తేనె లేదని తల ఊపింది. ఫోన్‌లోంచి కూడా అదే జవాబు వచ్చింది. "లేదు బాబాయిగారూ." ఆ గొంతు వణికింది. ఆ వణుకు తేనెకు గుర్తుంది, ఏ మాట దగ్గర వచ్చిందో కూడా గుర్తుంది. "మీరు తప్ప నాతో మాట్లాడేవాళ్ళు ఎవరున్నారు చెప్పండి? అందుకే అడుగుతున్నాను, తోడు సంగతి ఏం ఆలోచించారు? మీరు సరే అంటే రేపు పొద్దున్నే మనవాళ్ళు వచ్చి పెట్టేస్తారు. ఇంక మనిద్దరం ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. సరే అనండి బాబాయిగారూ."

తేనె రెండు చేతులూ జోడించింది. ఆయన చూశాడు. చూసి, ఫోన్ మీదికి వంగాడు. ఆయన మొహంలో ఉన్నది కోపమో, జాలో ఆమెకు అంతు పట్టలేదు. పెదవులు విడివడ్డాయి.

"వద్దు బాబాయ్!"

అరిచేశాక గానీ తను అరిచినట్టు తేనెకు తెలియలేదు. ఫోన్‌లోని గొంతు ఠక్కున ఆగిపోయింది. ఎన్నడూ ఆగనిది ఆగింది.

"బాబాయిగారూ, ఇంకెవరిదో గొంతు వినిపించింది." అదే తీపి, కాని ఇందులో నవ్వు లేదు. "మీ పక్కన ఎవరైనా ఉన్నారా?"

తేనె గోడకు ఆనుకుపోయింది. డ్రైవరు గారు ఆమెను ఎగాదిగా చూశాడు. నల్లబడ్డ ఆ చెయ్యి చాచి, ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"ఎవరూ లేరమ్మా," అన్నాడు ఫోన్‌తో. "ఎప్పట్లాగే నేనొక్కణ్ణే. ఏదో అడుగుతున్నావు, మళ్ళీ అడుగు."